ఆ మీట నొక్కనివ్వని చెయ్యి

రెండువేల సంవత్సరం జూన్ ఐదవ తేదీన మన ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో సహాయకురాలిగా చేరి, ఈ నెలాఖరున సర్వర్ గది ప్రధానాధికారిణిగా పదవీ విరమణ చేయనున్న పెద్దక్కగారు, ఎవరు తొందరపడినా చిన్నా పెద్దా తేడా లేకుండా ‘ఆగండి’ అంటారు గనుక, ఆఫీసంతా చాటుగా వారిని ‘ఆగండమ్మ’ అని పిలుచుకుంటుంది. మొన్న వారి భర్తగారు చెప్పగా తెలిసింది, ఇంట్లోనూ అదే పేరట!

చేరిన కొత్తలో వారి పని ప్రింటర్లలో కాగితం పెట్టడం. ఎక్స్‌రే ఫిల్ముల కాలం పోయి స్కానింగులు కంప్యూటర్లోకి వచ్చాక, వాటిని భద్రపరిచే డిస్కుల బాధ్యత వారి భుజాన పడింది. ఒక్కో చిత్రాన్ని ముక్కలు చేసి డిస్కులన్నిటికీ పంచి, ఒకటి చెడినా మిగిలినవి కలిసి ఆ లోటు పూడ్చేలా కూర్చే రెయిడ్ అనే ఏర్పాటును వారు మాకు ఎంతో ఓపికగా నేర్పారు. కొత్త డిస్కులన్నీ ఒకే పెట్టెలోంచి తీస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. “కలిసి పుట్టినవి కలిసే మంచాన పడతాయి నాయనా, వేరే పెట్టెలోవి కూడా పట్రా” అనేవారు.

కొత్త భవనానికి మారిన రోజున సామాను మోసేవాళ్లు బరువు తగ్గుతుందని డిస్కులన్నీ ఊడదీసి, ఏది చేతికందితే దాన్ని ఖాళీగా ఉన్న అరలో దోపేశారు. సర్వర్ వాటిని గుర్తుపట్టక, అన్నిటినీ కొత్తగా అమర్చమంటారా అని తెరమీద అడిగింది. ఔనంటే పాత స్కానింగులన్నీ గల్లంతే. వాటి నకలు విడిగా దాచిన టేపు అప్పటికే మొరాయించింది. పై అంతస్తులో మెడలో గడ్డ ఉన్న ఒక బడి టీచరుగారికి ఆరోజే ఆపరేషన్. పాత స్కాన్‌తో పోల్చి గడ్డ పెరగలేదని తేలితేనే కోత తప్పుతుంది. కోస్తే గొంతు పోయే ప్రమాదం ఉంది.

“నొక్కేద్దాం అక్కా, ఇంకేం దారుంది?” అని ఇంజనీరు మీట మీదికి చెయ్యి చాచాడు.

“ఆగండి” అంటూ అక్కగారు ఆ చెయ్యి పట్టేసుకున్నారు. “ముందు ఒక్కో డిస్కుకీ కాపీ తీయండి. చెడితే కాపీలే చెడతాయి.”

సర్జనుగారే స్వయంగా దిగివచ్చారు. “ఎంతసేపమ్మా?”

“తెలీదు డాక్టరుగారూ. పాత బొమ్మ మీ కళ్లబడేదాకా కత్తి మాత్రం పట్టకండి.”

సర్జనుగారితో అంత మాట అనగలిగిన మనిషిని మేము అంతకుముందు చూడలేదు. కాపీలను ఒక్కో వరుసలో పేర్చి తెరిచినప్పుడల్లా చిత్రం చీలికలుగా, దవడ ఒకచోట, వెన్నుపూస ఒకచోట కనబడేది. అక్కగారు తల అడ్డంగా ఊపి మళ్లీ వరుస మార్చేవారు. సాయంత్రానికి ఒక్కసారిగా చిత్రమంతా అతుకన్నది లేకుండా నిలిచింది. అన్ని ఇనుప పెట్టెల్లో చెల్లాచెదురైన మనిషి మళ్లీ నిండుగా ఎదుట నిలవడం చూసి మా ఒళ్లు గగుర్పొడిచింది. సర్జనుగారు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసి, “పెరగలేదు” అన్నారు. అక్కగారు కుర్చీలో కూలబడి చిన్నపిల్లలా ఏడ్చేశారు.

ఈ అభినందనను సభలో ఎవరు చదవాలన్న ప్రశ్నే రాలేదు. ఆ టీచరుగారే అడిగి పుచ్చుకున్నారు. పెద్దక్కగారికి నిండు ఆరోగ్యం, నూరేళ్ల ఆయుష్షు, ఇంటిల్లిపాదితో తీరిగ్గా గడిపే రోజులు కలగాలన్న మా అందరి కోరికను, సభికులారా, మీరిప్పుడు వింటున్నది ఆ గొంతులోనే.