నడుము నలభై నాలుగు

సగం దించిన షట్టరు లోపల, కుట్టుమిషను ముందు టైలరు. పక్కన స్టూలు మీద ఆయన కూతురు. ఆమె చేతిలో ఫోను, పొద్దున్నుంచి నోరు మూయని ఫోను.

"ఎత్తకు! ఎత్తావంటే నా మీద ఒట్టే!"

"ఎత్తకపోతే ఎలా నాన్నా? షాపు గురించి నలుగురికీ తెలియాలనే కదా ఫోన్లో పేజీ పెట్టింది?"

"తెలిసింది. బ్రహ్మాండంగా తెలిసింది. హెడ్మాస్టరు గారి నడుము నలభై నాలుగని పాలవాడు కూడా చెప్పుకుంటున్నాడు!"

"కోటు బాగుందని ఫొటో పెట్టాను. దానికి గుచ్చిన కొలతల చీటీ నేను చూడలా."

"నువ్వు చూడలా, ఊరు చూసింది. పేరు, ఛాతీ, నడుము... అదొక్కటేనా? ఇంకేం పెట్టావు?"

"కొన్ని."

"కొన్నంటే?"

"హ్యాంగర్ల మీద ఉన్నవి."

"హ్యాంగర్ల మీద ఉన్నవంటే అన్నీనే!"

"అన్నీ కాదులే... డాక్టరు గారి ప్యాంటు కాస్త మసగ్గా వచ్చింది."

"చీటీ కూడా మసగ్గా వచ్చిందా?"

"అదొక్కటే బాగా వచ్చింది."

"చంపావు కదే తల్లీ! మీ తాత సంగతి తెలుసా? ఒకాయన నడుమెంతో చెప్పమని ఆయన పెళ్లామే వచ్చి అడిగితే, నోట్లో సూదులున్నట్టు నటించి సాయంత్రం దాకా పెదవి విప్పలా. అన్నం కూడా తినలా. అలాంటి షాపు ఇది!"

"అలాంటి షాపుని నెలాఖరుకి ఖాళీ చేస్తానని ఓనరుకి చెప్పిందెవరు? ఎదురు రెడీమేడ్ షాపువాడు రోజూ ఫోన్లో బొమ్మలు పెట్టి జనాన్ని లాక్కుపోతున్నాడు. మనమూ పెడితే నాలుగు బేరాలు తగిలి, నువ్వు ఈ మిషను దగ్గరే ఉంటావని..."

"మూతపడితే పరువుతో పడేది. ఇప్పుడు జనమే వచ్చి మూయిస్తారు."

"మళ్లీ మోగుతోంది. హెడ్మాస్టరు గారే."

"ఊళ్లో లేనని చెప్పు. కాదు, కాదు, ఒంట్లో బాగాలేదని చెప్పు."

"ఏదో ఒకటి తేల్చు నాన్నా."

"అదిగో, ఆగిపోయింది. హమ్మయ్య!"

"హమ్మయ్యేంటి, షట్టరు కొడుతున్నారు."

"టైలరు గారూ! మీ చెప్పులు బయటే ఉన్నాయి. లోపలున్నారని తెలుసు, తియ్యండి!"

"ఆయనే నాన్నా. తియ్యనా?"

"తియ్యి. పడాల్సిన చీవాట్లు పడదాం. నమస్కారమండీ హెడ్మాస్టరు గారూ... పిల్ల తెలియక చేసింది. ఆ ఫొటో ఇప్పుడే తీయించేస్తా."

"తీసేస్తారా? తీసేస్తే ఊళ్లో నా నడుము నలభై నాలుగు దగ్గరే ఆగిపోదూ! అది పాత కొలతయ్యా. మీకు కోటు గుడ్డ ఇచ్చిన మర్నాటి నుంచీ తెల్లవారకముందే లేచి నడుస్తున్నాను. ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు గమనించలేదు."

"అయ్యో, అలాగాండీ..."

"ఇవాళ ఊరంతా నా గురించే మాట్లాడుతోంది. ఇప్పుడే కొలిచి, కొత్త చీటీతో ఫొటో పెట్టండి."

"తగ్గితే ఆ కోటు వదులైపోతుందండీ."

"అయితే కొత్తది కుట్టండి!"

"కొత్తదంటే... షాపు నెలాఖరుకి..."

"నెలాఖరు సంగతి తర్వాత, ముందు టేపు తియ్యండి. కొలతలకి వీధి మలుపు దాకా జనం ఉన్నారు. నా వెనకాల డాక్టరు గారు పొట్ట లోపలికి లాక్కుని ఊపిరి బిగబట్టి నిలబడ్డారు, ఆయన ఎంతోసేపు ఆగలేరు!"