మూలనున్న పొగమంచు

మిట్టమధ్యాహ్నం. కిటికీకి దుప్పటి, తలుపు సందుకి పాత తువ్వాలు, సబ్బుపెట్టె పక్కన ఎర్ర బల్బు. స్నానాలగది ఇవాళ ఫోటోలు కడిగే గదైంది. లోపల ఆయనా, ఆయన భార్యా.

“తలుపు తియ్యకే! వెలుతురు పడితే కాగితం నల్లబడి చస్తుంది.”

“తియ్యలేదండీ, ఆనుకున్నానంతే. మొహం కడుక్కోవాలన్నా మీ అనుమతి కావాలి ఈ ఇంట్లో.”

“ఆ ట్రే కాస్త ఊపు. నెమ్మదిగా! సాంబ్రాణి వేస్తున్నావా, ఫోటో కడుగుతున్నావా?”

“ఊపుతున్నా కదా. అదిగో, రాళ్ళొస్తున్నాయి. అబ్బ, పాలు పోసినట్టుందండీ సముద్రం!”

“నాలుగు నిమిషాలు కెమెరా కన్ను తెరిచి ఉంచితే అంతే. అలలన్నీ కలిసిపోతాయి. కదిలేదేదీ ఫోటోలో నిలవ... ఆగాగు. మంచేదీ?”

“ఏ మంచు?”

“నా మంచే! కుడి మూల, నల్లరాళ్ళ ముందు, తెల్లగా పొగమంచు. నా ప్రతి ఫోటోలో ఉంటుందిగా. ఎల్లుండే ప్రదర్శన, వాళ్ళు నన్ను పిలిచిందే ఆ మంచు చూసి. చివరి ఫోటో ఇది, ఇందులో లేదు!”

“ఆ రోజు పడలేదేమో.”

“పైగా ఆ మూల ఈ నల్లముద్దేంటి?”

“ఏదో... రాయేమో.”

“అక్కడ రాయి లేదే.”

“కొత్తగా వచ్చిందేమో.”

“రాళ్ళు కొత్తగా వస్తాయటే? సరేలే, ఇంకో కాగితం ఇలా ఇవ్వు. అట్టముక్క అడ్డంపెట్టి అక్కడ వెలుతురు పడకుండా చేస్తా. ముద్ద మాయం.”

“కాగితాలైపోయాయి.”

“డబ్బా మీదే కూర్చున్నావు. లే.”

“లేవను.”

“ఏమైందే నీకు?”

“అది ముద్ద కాదు. నేను.”

“ఏంటీ?”

“నేనండీ! ముప్పై ఏళ్ళుగా మీ వెనకాలే తిరుగుతున్నా. సంచీ మోశా, స్టాండు మోశా, ఎండలేకపోయినా ‘తెల్లగొడుగు తే, తెల్లగొడుగు తే’ అంటే తెచ్చా. ఒక్క ఫోటోలో ఉన్నానా? కదిలితే పడరని మీరేగా అంటారు! అందుకే ఈసారి, మీరు గడియారం చూసుకుంటుంటే, ఆ రాళ్ళ ముందే గొడుగు మూసేసి, బిర్రబిగుసుకుని కూర్చున్నా. ముక్కు మీద ఈగ వాలినా కదల్లేదు.”

“నాలుగు నిమిషాలూ? నోరు మూసుకుని?”

“నవ్వకండి. నాకూ ఉండదా, ఒక్కదాంట్లోనైనా ఉండాలని? చెరిపేశారో, చూడండి మరి!”

“ఏమన్నావు, గొడుగు మూసేశావా? అదీ సంగతి! మంచు ఎక్కడికి పోయిందా అని నేను జుట్టు పీక్కుంటున్నా.”

“గొడుక్కీ మంచుకీ ఏంటండీ సంబంధం?”

“ఓసి పిచ్చిదానా, నువ్వెప్పుడైనా ఒక్కచోట నిలబడ్డావా? నల్లరాళ్ళ ముందు తెల్లగొడుగేసుకుని, ఏదో ఒకటి వాగుతూ అటూ ఇటూ, అటూ ఇటూ. నాలుగు నిమిషాలకి అదంతా కలిసి ఏమవుతుంది?”

“ఏమవు... ఆగండాగండి. హాల్లో గోడ మీదున్న ఫోటోలన్నీ?”

“అన్నీ.”

“ఆ మంచంతా... నేనా?”

“నువ్వే. లే ఇక, కాగితం ఇవ్వు.”

“చెరపడానికా?”

“కాదు. నిన్ను ఇంకాస్త పెద్దగా తీయడానికి.”

“మరి ఇన్నేళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదేం?”

“చెబితే కదలకుండా నిలబడేదానివి.”