నలుగురం దిగాం

2003. గోకవరం దాటాక, కొండ కింద కంకర క్వారీ గేటు. ఆదివారం సాయంత్రం. రేకుల షెడ్డులో ఫోను మోగితే కాపలా రాజరత్నం ఎత్తాడు. అవతల రాజమండ్రి నుంచి సూర్యకళ.

"హలో, క్వారీ గేటేనాండి? మా వారు రైడు నుంచి దిగారా అని..."

"రెయిడా? ఎవరండీ మాట్లాడేది? మా ఓనరు గారు ఊళ్లో లేరండి. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయండి మావి."

"కాగితాలు నాకెందుకండీ? పొద్దున్న రైడుకి వచ్చారు కదా, వాళ్లు..."

"ఎవరూ రాలేదండి. జీపు రాలేదు, ఖాకీ చొక్కా రాలేదు. మందుగుండు గది తాళం నా దగ్గర ఉండదండి. ఆయ్, నేను ఒట్టి గేటు మనిషిని."

"జీపు కాదండీ బాబూ. సైకిళ్లు."

"సైకిళ్ల మీద రెయిడేంటండీ? గవర్నమెంటు వాళ్లకి పెట్రోలు ఆపేశారా ఏంటి?"

"సైకిలు రైడండీ. ఆదివారం ఆదివారం కొండెక్కి దిగుతారు కదా. చంద్రరావు గారి క్లబ్బు."

"అలా చెప్పండి మరి. గుండె జారి చెప్పుల్లోకి వచ్చిందండి నాకు. చంద్రరావు గారి బ్యాచా? దిగిపోయారమ్మా అందరూ. ఇందాకే."

"అందరూ అంటే?"

"అందరూ అంటే నలుగురండి. పొద్దున్న ఎక్కింది నలుగురు, ఇప్పుడు దిగింది నలుగురు. లెక్క సరిపోయాకే మొదటి ఈల ఊదాను."

"ఈలేంటండీ?"

"ఇవాళ బ్లాస్టింగు ఉందమ్మా. మామూలుగా ఆదివారాలు ఉండదు, అందుకే మీ సైకిళ్ల వాళ్లని రానిస్తారు మా ఓనరు గారు. ఇవాళేమో రోడ్డు కాంట్రాక్టరు తొందరపెట్టాడు. కొండ మీద నరమానవుడు లేడని చూసుకుని నేను ఈల వెయ్యాలి. మొదటి ఈలకి పనివాళ్లు తప్పుకుంటారు. రెండో ఈలకి మందు కూరిన చోట లోవరాజు ఒక్కడే ఉంటాడు. మూడో ఈలకి వత్తి అంటించి పారిపోతాడు. ఇదంతా నా నోటి మీద నడుస్తుందండి."

"అమ్మో. మా ఆయన దిగారు కదా మరి? మురళీకృష్ణ గారని. ఒకసారి పిలుస్తారా? సెల్లు పలకట్లేదు."

"ఇక్కడ ఎవరి సెల్లూ పలకదమ్మా, కొండ అడ్డం. నాకు పేర్లు తెలీవు. చంద్రరావు గారొక్కరే తెలుసు. ఆయన గొంతు ముందొస్తుంది, మనిషి తర్వాతొస్తాడు. ఉండండి. చంద్రరావు గారూ, ఫోనండి. ఆడవాళ్లండి."

"వస్తున్నా రత్నం, వస్తున్నా. ఎక్కేటప్పుడు ఎక్కిళ్లు, దిగేటప్పుడు దిగులు, దిగాక ఫోన్లు. ఇదయ్యా మా క్లబ్బు. దుర్గాసాయీ, పల్లంరాజూ, మీరు సైకిళ్లు వ్యానెక్కిస్తూ ఉండండి. నా సైకిలు ఆఖర్న ఎక్కించండి, దాని సీటుకీ నాకూ ఇంకా రాజీ కుదర్లేదు. ఎవరు రత్నం, ఫోన్లో? మా ఆవిడైతే నేనింకా కొండ మీదే ఉన్నానని చెప్పు."

"ఆవిడ కాదండి. మురళీకృష్ణ గారని, వారి తాలూకా అండి."

"తాలూకాలు ఎత్తేసి మండలాలు పెట్టారు కదయ్యా ఎన్టీవోడి కాలంలోనే. ఇలా ఇవ్వు. చెల్లెమ్మా, చెప్పమ్మా. స్టీలు కొట్టు అన్నయ్యని."

"అన్నయ్యగారూ, మా ఆయన్ని ఒకసారి పిలవండి."

"మురళినా?"

"ఇంకెవర్నండీ? మీ దగ్గరికే కదా వచ్చారు."

"మా దగ్గరికి."

"ఆలస్యంగా లేచారు. మీరు వ్యానులో వెళ్లిపోయి ఉంటారని, సైకిలు బస్సు మీద వేసుకుని బయల్దేరారు. వెనకాలే వెళ్లి కలుస్తానన్నారు. కలిశారు కదా?"

"కలవకపోవడమేంటమ్మా? కలిశాడు. మురళి కదా. ఆ, ఉన్నాడు ఉన్నాడు. ఎందుకుండడు? ఇక్కడే టీ తాగుతున్నాడు."

"ఫోనివ్వండి ఓసారి."

"ఇద్దును కానీ, నోట్లో టీ ఉందమ్మా. నోట్లో టీ ఉన్నవాడు నోటీసొచ్చినా జవాబు చెప్పలేడు."

"మీ మాట ఏదోలా ఉంది అన్నయ్యగారూ."

"నా మాటెప్పుడు సవ్యంగా ఉంది కనక? ఒక్క నిమిషం లైన్లో ఉండమ్మా. రత్నం, ఇలా రా. ఫోను మూతి చేత్తో మూశాను, ఆవిడకి వినపడదు. ఏంటలా ఈల చేత పట్టుకుని శిలావిగ్రహంలా నిలబడ్డావు?"

"రెండోది ఊదాలండి. ఊదెయ్యనా?"

"నీ ఈల నువ్వు ఊదుకోక నన్నడుగుతావేంటి? నా గొడవ నాది. ఊదడానికి నీ దగ్గర ఈలైనా ఉంది, నా దగ్గర మురళి లేడు."

"మీ మాటలు నాకు ఎక్కవండి."

"వీడు ఇవాళ రాలేదయ్యా. పెళ్లానికి నా పేరు చెప్పి ఎక్కడో పేక ముందు కూర్చుని ఉంటాడు. మొన్న నేను పందేలకి మొగల్తూరు పోతే, వీడింట్లో జ్వరంతో పడుకున్నానని మా ఆవిడకి వీడే చెప్పాడు. ఇవాళ నేను కాపాడకపోతే మగజాతికే మచ్చ."

"ఆ సంగతులు నాకొద్దండి. మీరు ఎక్కినవాళ్లు ఎక్కినట్టు దిగారా లేదా, ఆ ఒక్కటీ చెప్పండి."

"దిగామని మలుపు దగ్గరే అరిచాను కదయ్యా. నలుగురం ఎక్కాం, నలుగురం దిగాం. క్షేమంగా వచ్చినవాళ్లని మళ్లీ మళ్లీ లెక్కపెట్టకు, దిష్టి. ఊదు."

"అయితే బయటికెళ్లి రెండోదీ మూడోదీ కానిచ్చి వస్తానండి. మీరు షెడ్డు దాటి కదలకండి. ముక్కలు ఇక్కడిదాకా ఎగురుతాయి."

"ఎగరనీ. చెల్లెమ్మా, ఉన్నావా?"

"ఉన్నానండి. అదేంటి, ఈలేనా?"

"ఈలే. ఇక్కడ రత్నం అని ఒకడున్నాడు, ఈల వెయ్యకపోతే వాడికి ఈవెనింగు అవ్వదు."

"రెండోదాండి?"

"రెండోదే. నీకెలా తెలుసు?"

"ఆ గేటాయనే చెప్పాడు. మూడోదానికి అంటిస్తారంట కదా. మా ఆయన పులిహోర తిన్నారా?"

"తినకేం? పులిహోరలో పులంతా మీ ఆయనకే పోయింది, మాకు హోరు మిగిలింది."

"తిని పడుకోలేదు కదా?"

"పడుకోవడమేంటి, కొండ మీద?"

"మీకు తెలీదు అన్నయ్యగారూ. ఆయనకి పులిహోర కడుపులో పడితే కునుకు పడాల్సిందే. నీడ కనపడితే చాలు, చెవుల్లో ఆ పాటల పెట్టె తీగలు దోపుకుని ఒరిగిపోతారు. మా ఇంటి పక్కన బోరు వేశారు, రాత్రంతా మిషను తిరిగింది, ఆయన పక్కకి కూడా దొర్లలేదు. అందుకే ఫోను చేశాను. లేకపోతే ఎందుకు చేస్తాను? ఇదివరకెప్పుడైనా చేశానా?"

"చెయ్యలేదు."

"కొండమీద ఎక్కడో పడుకున్నారేమోనని మధ్యాహ్నం నుంచీ అనిపిస్తోంది. దిగారు కదా, నిజంగా?"

"దిగాడమ్మా, దిగాడు. నేనే లేపాను."

"అంటే పడుకున్నారా?"

"పడుకున్నాడని కాదు. పడుకుంటే లేపేవాణ్ణని."

"అదిగో, మళ్లీ ఈల. మూడోదేనా?"

"మూడోదే. అయిపోయింది, ఇంక ఈల గోల లేదు. రత్నం వచ్చేస్తున్నాడు లోపలికి. రా రత్నం, రా. నీ ఊపిరితిత్తుల్లో ఇంకా గాలి ఉందా?"

"అయిందండి. ఇంక మీరు గుమ్మం దాటకండి. చెవులు మూసుకోండి, ఒక్కసారి అదురుతుంది."

"అన్నయ్యగారూ, ఒక్కటి అడుగుతాను. మీరు నిజంగా ఆయన్ని చూస్తుంటే ఆయన నెత్తి మీద ఏముందో చెప్పండి."

"నెత్తి మీదా? జుట్టుంది. ఉన్నంతలో ఉంది."

"టోపీ ఏ రంగు?"

"టోపీ అంటే... మామూలు టోపీ. దుమ్ము రంగు. కొండ దిగాక అందరి టోపీలూ ఒకటే రంగమ్మా."

"ఆకుపచ్చ టోపీ అండీ. మా తమ్ముడు తెచ్చింది. మీకు కనపడట్లేదు. ఆయన మీ దగ్గర లేరు."

"ఆకుపచ్చ టోపీయే. ఎవరు కాదన్నారు? ఆకుపచ్చ మీద దుమ్ము పడితే..."

"ఆకుపచ్చ టోపీ ఆయనాండి? ఆయనేనా మురళీకృష్ణ గారంటే?"

"నువ్వు మధ్యలో మాట్లాడకు రత్నం, ఫోను మూతి మూయలేదు. చెల్లెమ్మా, ఒక్క క్షణం. ఏంటి నీ గోల?"

"ఆయన పేరు మురళీకృష్ణా అని అడుగుతున్నానండి. హ్యాండిలుకి స్టీలు క్యారేజీ, చెవుల్లో తీగలు. ఆయనేనా?"

"నీకెలా తెలుసు?"

"నేనే కదండీ గేటెత్తాను."

"ఎవరికి?"

"ఆయనకేనండి. మీరెక్కిన చాలాసేపటికి వచ్చారు. చంద్రరావు గారి బ్యాచా అంటే అవునన్నారు. మీరు పొద్దున్న గేటు దాటుతూ నలుగురం అని కేకేశారు. నేను ఇడ్లీ తింటున్నాను, తలెత్తి చూస్తే మూడు వీపులే కనపడ్డాయి. నాలుగో ఆయన వెనక ఉండిపోయారేమోలే అనుకున్నాను. ఈయన రాగానే సరిపోయింది."

"సరిపోలేదు రత్నం. వాడు మాకు కనపళ్లేదు."

"కనపడకపోవడమేంటండీ? దారి కూడా నేనే చూపించాను. మీరెళ్లిన గతుకుల దారి ఎక్కలేరనిపించింది, మనిషి అప్పటికే రొప్పుతున్నారు. పాత లారీ దారిన పొమ్మన్నాను. నీడగా ఉంటుందని."

"ఆ దారి ఎక్కడికి పోతుంది?"

"గొయ్యి పైకండి."

"ఏ గొయ్యి?"

"ఇవాళ మందు కూరిన గొయ్యండి."

"ఆపు. ఊదు. ఆపమని ఊదు."

"ఆపమనే ఈల లేదండి."

"లేకపోవడమేంటి? నాలుగోసారి ఊదు."

"నాలుగో ఈల అంటే ఏంటో లోవరాజుకి తెలీదండి. ఉన్న ఈలలన్నీ కానియ్యమనే. ఈపాటికి అంటించేసి అవతలి పక్కకి దిగిపోయుంటాడు."

"వత్తి ఎంతసేపు కాలుతుంది?"

"ఒక బీడీ కాల్చినంతసేపండి. నిదానంగా కాలిస్తే. మీరు నలుగురం అన్నారు కదండీ. ఎక్కేటప్పుడూ అన్నారు, దిగేటప్పుడూ అన్నారు. ఇప్పుడు కూడా అన్నారు, నా మొహం మీద. దుర్గాసాయి గారు, పల్లంరాజు గారు, మీరు. ఆ నాలుగో మనిషెవరు?"

"ముగ్గురు బయల్దేరకూడదు కదా రత్నం."

"కూడదండి."

"ముగ్గురం అని నోటితో అననే కూడదు. మా నాన్న కొట్టుకి సరుకు తేవడానికి పంపినా అంతే, పెళ్లిచూపులకి పోయినా అంతే."

"మా ఇంట్లోనూ అంతేనండి. మనిషి తక్కువైతే జేబులో రాయి వేసుకుంటాం."

"వేసుకున్నాను."

"వేసుకున్నారా?"

"ఇదిగో. పొద్దున్న నీ గేటు ముందరే ఏరాను. తీసుకెళ్లినదాన్ని అక్కడ వదిలెయ్యకూడదు, మళ్లీ ముగ్గురం అయిపోతాం. అందుకే జాగ్రత్తగా దించాను. అడ్డం లే."

"ఎక్కడికండీ? బయటికెళ్లకండి, మీకు దణ్ణం పెడతాను."

"పల్లంరాజూ, ఆ సైకిలు కింద పడెయ్. పడెయ్ అంటున్నానా. నాదే, నాదే. ప్రశ్నలడక్కు."

"చంద్రరావు గారూ. చంద్రరావు గారూ, లారీ దారిన పోకండి. అయ్యో, అటే పోతున్నారు."

"హలో. హలో. అన్నయ్యగారూ."

"ఆయన లేరమ్మా. నేను గేటు రాజరత్నాన్ని. దుర్గాసాయి గారూ, పల్లంరాజు గారూ, మీరు బయట నిలబడకండి, ఈ రేకుల కిందికి రండి. మీరూ వినండి. ఒకేసారి చెప్తాను, రెండుసార్లు చెప్పడం నావల్ల కాదు."

"ఏంటండీ చెప్పేది? మా ఆయన్ని పిలవమంటే ఒక్కరూ పిలవరేం?"

"పొద్దున్న ఈ బాబులు ముగ్గురే ఎక్కారమ్మా. ముగ్గురు అనకూడదని నలుగురం అన్నారు. తర్వాత మీ ఆయనొచ్చారు. ఆ నాలుగో ఆయన ఈయనే అనుకుని నేను పంపేశాను. మీ ఆయనొచ్చినట్టు వీళ్లకి తెలీదు. సాయంత్రం దిగుతూ ఈ ముగ్గురే మళ్లీ నలుగురం అన్నారు. దుమ్ములో నాకు మనుషులు ఆనలేదు, మాటే వినపడింది. ఊదేశాను."

"నాకేం అర్థం కావట్లేదు. చంద్రరావు గారేరి?"

"మీ ఆయన కోసం పైకెళ్లారు. సైకిలు మీద."

"పైకా? ఆయన పైన ఎందుకుంటారు? ఇప్పుడే కదా, నలుగురు దిగారని నాతో మీరే అన్నారు."

"అన్నానమ్మా."

"మరి మా ఆయన కాకపోతే ఆ దిగిందెవరు?"

"రాయమ్మా. ఇదిగో, నా బల్ల మీదుంది."