సుగుణ పేరు పక్కన గడి

“సుగుణా... ఇదిగో సుగుణా...”

పలకలేదు చూశావా. అంటే పెరట్లో బోరింగు దగ్గర ఉందన్నమాట. మంచిదే. కృపా, ఆ కుర్చీ ఇలా దగ్గరికి లాక్కో అమ్మా. ఇందాక ఏవడిగావు? జనాభా లెక్కల ఫోన్లో అమ్మమ్మకి ఏం పని అని నొక్కాలి తాతయ్యా అని కదా. ఆవిడేమో “నాకెప్పుడూ ఉన్నదేనే, లేసు పని. మీ తాతయ్య అప్పట్లో రాసిందే నువ్వూ రాసెయ్యి” అనేసి బకెట్టు పట్టుకుని వెళ్లిపోయింది. అక్కడే వచ్చింది చిక్కంతా. నేనేం రాశానో ఆవిడకి తెలీదు. ఇన్నేళ్లూ చెప్పలేదు. ముందు నీకు చెప్తాను, ఆవిడకి చెప్పాలో వద్దో తర్వాత చూద్దాం.

నీకు ఈ లెక్కల డ్యూటీ పడిందని మీ అమ్మ చెప్పినప్పుడు నాకు భలే సరదా వేసింది. మా కాలం మాస్టార్లకి ఫోన్లు ఎక్కడివి, ఇంతింత వెడల్పు కాగితాలు. మడత పడకూడదు, నలక్కూడదు, తడవకూడదు. మన డెల్టా ఉక్కలో చెమట చుక్క పడకుండా రాయడం ఎలాగో మాత్రం ఎవరూ నేర్పలేదు. నరసాపురంలో ట్రైనింగు పెట్టారు. మధ్యాహ్నం సాంబారన్నం పొట్లం వాళ్లదే, టిఫిను మనది. అప్పుడు ప్లేటు ఇడ్లీ అర్ధరూపాయి. కాదు కాదు, ముప్పావలా. అర్ధరూపాయి నా పెళ్లి నాటి మాట.

ట్రైనింగు ఇచ్చినాయన బోర్డు మీద నాలుగు గళ్లు గీశాడు. సాగుదారు, వ్యవసాయ కూలీ, గృహ పరిశ్రమ, ఇతరములు. దేశంలో పనిచేసేవాళ్లంతా ఈ నాలుగింట్లో ఎక్కడో ఒకచోట సర్దుకోవాలన్నాడు. ఎందులోనూ పట్టకపోతే వాళ్లకి పని లేనట్టే. గృహ పరిశ్రమంటే ఏంటండీ అని వెనకనించి ఎవరో అడిగారు. “ఏంటి మాస్టారూ అలా అడుగుతారు, మీ ఊళ్లల్లో ఆడవాళ్లు అల్లే లేసేనండి” అన్నాడు. హాల్లో ఒకటే నవ్వులు. అక్కడున్న మాస్టార్లలో సగంమంది ఇళ్లల్లో భార్యలు లేసు అల్లుతున్నారు మరి. మన గుళ్లో అయితే పాస్టరు గారు ప్రార్థన మొదలెట్టి కళ్లు మూసుకోగానే ఆడవాళ్ల వైపు కొంగుల కింద సూదులు కదిలేవి. ప్రార్థన ఎంత పొడుగైతే అంత లేసు. దీర్ఘంగా ప్రార్థన చేసే పాస్టరు గారు బదిలీ అయిపోతుంటే మన వీధి ఆడవాళ్లు నిజంగానే కన్నీళ్లు పెట్టుకున్నారు.

సరే, మొట్టమొదట సూర్యారావు గారిల్లు. ఊళ్లో అందరికన్నా పెద్ద రైతు. పెద్ద రైతంటే, ఆయన పొలం గట్టెక్కి పదిహేనేళ్లయింది. దున్నేది, ఊడ్చేది, కోసేది అంతా పోలయ్యే, కౌలుకి. నేనింకా కలం మూత తియ్యకుండానే వెండి గ్లాసులో కాఫీ వచ్చింది. “నాకు సాగుదారని రాయండి మాస్టారూ” అన్నారు. మరి పోలయ్యకండీ అన్నాను. “వాడికి కూలీ అని రాసెయ్యండి. కౌలని కాగితం మీదకెక్కితే రేప్పొద్దున్న పొలం నాదంటాడు” అన్నారు. ఇది జనాభా లెక్కండీ, దీనికీ పొలానికీ సంబంధం లేదండీ అని నేను చెప్పాలి. కాఫీ చాలా బాగుంది. రాశాను. పెద్దబ్బాయి గారికేం రాయమంటారంటే “వ్యాపారం” అన్నారు. ఆ అబ్బాయి అప్పుడు అరుగు మీద పేకాడుతున్నాడు. ఇతరములు గళ్లో పెట్టేశాను. ఆ గడిలో పట్టని మనిషి లేడమ్మా, మొగాడై పుడితే చాలు.

అక్కణ్ణించి పోలయ్య ఇంటికెళ్లాను. మీ ఆవిడేం చేస్తుంది పోలయ్యా అన్నాను. “ఆయ్, ఏం చేత్తదండీ, ఇంటికాడే ఉంటదండీ” అన్నాడు. ఆవిడ అప్పుడే పొలంలో దాళ్వా పంట ఊడుపుల నించి వచ్చి, మోకాళ్ల దాకా బురదతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆ బురద నేను చూశాను, పోలయ్యా చూశాడు, ఆవిడ కూడా ఓసారి వంగి చూసుకుంది. పని లేదు అని రాశాను. నవ్వుతావేంటే, ఇంటి యజమాని చెప్పింది రాసుకోవాలన్నారు మాకు. యజమానంటే మొగాడేనని ఎవరూ అనలేదనుకో. అది మేం కలుపుకున్నాం.

మన వీధికొచ్చేసరికి నాకు బాగా చెయ్యి తిరిగిపోయింది. మొగాళ్లు గుమ్మంలోకొచ్చి “మా ఆడవాళ్లా, ఊరికే కూర్చుని లేసు పువ్వులు అల్లుకుంటారండీ, కాలక్షేపానికి” అనేవారు. కాలక్షేపమట. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లిన పువ్వులు మళ్లీ తూచి పట్టుకెళ్లేవాడు. కాస్త మాసినా వెనక్కి పడేసేవాడు. మన మొగాళ్ల కాలక్షేపాలు ఎవరైనా అలా తూచితే ఊళ్లో ఒక్కడు మిగలడు. అయినా నేను వరసాగ్గా పని లేదు, పని లేదు, పని లేదు. గృహ పరిశ్రమని రాస్తే పక్కన ఇంకా గళ్లు నింపాలి, ఎండెక్కిపోతోంది.

చివరాఖరికి మనిల్లు. మీ అమ్మ అప్పటికి చంటిది, ఒళ్లో నిద్రపోతోంది. సుగుణ గోడకి జేరబడి అల్లుతోంది. సూది వంక చూసేది కాదు కృపా. నా మొహం చూసి కబుర్లు చెబుతుంటే వేళ్ల దారి వేళ్లది. పెళ్లైన కొత్తలో బడి గంట కొట్టగానే ఆ వేళ్లు చూడ్డానికే పరిగెత్తుకొచ్చేవాణ్ణి. ఇది నువ్వు ఎక్కడా రాయకు.

“నా పేరు దగ్గర ఏం రాశారండీ” అంది. లేసు పని, గృహ పరిశ్రమ అన్నాను. “అంటే?” అంది. అంటే ఇంట్లోనే ఫ్యాక్టరీ నడుపుతున్నట్టు అన్నాను. “అది ఢిల్లీ దాకా వెళుతుందా” అంది. వెళుతుందన్నాను. అంతే, మర్నాడు గుళ్లో స్త్రీల సమాజంలో చెప్పేసింది. సాయంత్రానికి వీధి వీధంతా మన వాకిట్లో ఉంది. రూతమ్మ, అదే మీ జాన్ మావయ్య వాళ్లమ్మ, అందరికన్నా ముందు నిలబడి “మాకూ అదే రాశారా మాస్టారూ” అంది. పదిమంది ఆడవాళ్లు అలా చూస్తుంటే ఏం చెప్పను, అందరికీ అదే రాశానమ్మా అన్నాను. వారం రోజులు మనింట్లో కూర వండలేదు. ఒకరింటి నించి రొయ్యల ఇగురు, ఇంకోరింటి నించి చేపల పులుసు, రూతమ్మ బూరెలు. తిన్నాను. రుచిగానే ఉన్నాయి, అదీ నా బాధ. అప్పటికే కాగితాలు కట్టగట్టి పంపేశాం.

ఆ తర్వాత లెక్కలకొచ్చిన మాస్టార్లని నేనే గేటు దగ్గర కూర్చోబెట్టి, ఆవిడ బయటికి రాకముందే పని లేదన్న పాత మాటే చెప్పి పంపేశాను. ఒక అబద్ధానికి పదేళ్లకోసారి కాపలా కాశానన్నమాట.

నన్ను కుదిపేసింది ఎప్పుడో తెలుసా. ఆవిడకి చూపు తగ్గి, కుట్లు తప్పుతున్నాయని ఏజెంటు దారం ఇవ్వడం మానేశాడు చూడు, అప్పుడు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. “పోతే పోయిందిలెండి, నేను పని చేసిన మనిషినని గవర్నమెంటు కాగితంలో ఉంది కదా” అంది.

ఇప్పుడు నీ ఫోనేవంటోంది? ఈ ఏడాదిలో పని చేశారా అంటోంది. చెయ్యలేదు. నీ రూలు ప్రకారం పని లేదు అనే నొక్కాలి, అందుకే నువ్వూ ఆగిపోయావు. నువ్వు అబద్ధం నొక్కకు తల్లీ, మనింట్లో ఆ పని నేనొక్కణ్ణి చేశాను చాలు. రాయాల్సినప్పుడు నేను రాయలేదు, ఇప్పుడు నువ్వు రాద్దామన్నా కుదరదు.

ఏంటి, చెప్పెయ్యమంటావా? నీకేం, చిన్నదానివి. రాత్రికి అన్నం పెట్టేది ఆవిడ.

అదిగో, బకెట్టు చప్పుడు. వస్తోంది. నువ్వు లేచి వెళ్లిపోకు, ఇక్కడే కూర్చో.

సుగుణా, ఆ బకెట్టు అక్కడ పెట్టి ఇలా రా. కాఫీ తర్వాత పెడుదువుగాని. ముందు కూర్చో. కృపకేం కాలేదు, నాకూ ఏం కాలేదు, ఒంట్లో బాగానే ఉంది. ఒక మాట చెప్పాలి. అప్పుడు జనాభా లెక్కల్లో నీకు లేసు పని అని రాశానన్నాను చూడు, రాయలేదు. పని లేదు అని రాశాను. మన వీధిలో అందరికీ అలాగే రాశాను. మిగతావాళ్లకైతే వాళ్ల మొగుళ్లు చెప్పారు. నీకు ఎవరూ చెప్పలేదు, నేనే రాశాను. కాగితాలు సరిచూసేది మా హెడ్మాస్టరు గారు కదా, మాస్టారి భార్య డబ్బుల కోసం లేసు అల్లుతుందని ఆయన చదువుతాడని సిగ్గేసింది. ఆ ఏడాది నాకు మూణ్ణెల్లు జీతం రాలేదు సుగుణా. ఆ మూణ్ణెల్లూ ఇల్లు నడిచింది నీ లేసు మీదే.