అమ్మమ్మ మాత్రల డబ్బా

జిమ్ములో పదిమందికి ఆరోగ్యం నేర్పే మనవడు, మోకాలి ఆపరేషనైన అమ్మమ్మ మంచం పక్కన తల దించుకుని కూర్చున్నాడు.

"అమ్మమ్మా, నీ నొప్పి మాత్రలు మింగేస్తున్నది నేనే."

"భుజం నొప్పి ఇంకా తగ్గలేదా?"

"అదెప్పుడో తగ్గింది. మాత్ర పడితే ఒళ్లు తేలిపోతుంది, అందుకు. అందరికీ కండలు పెంచే మొనగాణ్ణి, ముసలమ్మ డబ్బాలో చెయ్యి పెడుతున్నా. నా మొహం మండ!"

"మానెయ్యరా మరి."

"నావల్ల కావట్లేదే. నిన్న కూడా రెండు వేసుకుని మబ్బుల్లో తేలాను."

"మబ్బుల్లోనా? డబ్బా ఊరికే ఖాళీ అవుతుంటే నాకు తెలీదనుకున్నావా? నెల నుంచీ అందులో ఉన్నవి నా కాల్షియం బిళ్లలు. అవీ తెల్లవేగా."

"ఆఁ?"

"ఆ మధ్య జ్వరమని వారమంతా వణికిపోయావే, అది జ్వరం కాదు, అసలు మాత్ర పడక. నువ్వు మానేసి నెలయిందిరా."

"అంటే ఎముకల బిళ్లలకి ఊగిపోయానా? ఇంత వెధవనా నేను!"

వాడికి నవ్వాగలేదు.

"ఇంతకీ అసలువి ఎక్కడ దాచావ్?"

"ఇంట్లో ఉంటే వాసన పట్టేస్తావుగా. మందుల షాపుకి తిప్పి పంపేశా."

వాడి నవ్వు ఆగిపోయింది.

"మరి నీ మోకాలికి?"

"నువ్వు జిమ్ముకి వెళ్లాక మూలుక్కుంటున్నాలే."