సౌందరరాజన్ అయ్యవారు చెప్పిన రెండో అర్థం

ఏం మాట అంటివి పాపా, షాటర్డా? ఆ పుస్తకం పక్కన పెట్టు, నేను చెప్తా. నాకు ఇంగిలీసు రాదు గానీ ఆ ఒక్క మాట వచ్చు. సౌందరరాజన్ అయ్యవారని, మన హైస్కూల్లో ఇంగిలీసు చెప్పేవాడు. ఆయన పోయి ముప్పై ఏండ్లు దాటింది. నొసటన నామం లేకుండా గడప దాటడు, బయట మంచినీళ్లు గూడా ముట్టడు. పెండ్లికి పిలిచినా ఇంట్లోనించి చెంబుతో నీళ్లు తెచ్చుకుంటాడు. అదట్లుండనీ. డెబ్బై ఏడులో నేను తంతులు, అదే టెలిగ్రాములు, పంచేవాణ్ణి గదా, ఒక పొద్దున జయరావుకు మద్రాసు నించి తంతి వచ్చింది. జయరావంటే తిరుచానూరు రోడ్డులో కుట్టుమిషను పెట్టుకున్నోడు, కిరస్తానం. నా కాకీ చొక్కాలన్నీ కుట్టేది ఆయనే. పెండ్లాం పోయింది, ఒకతే కూతురు రూతమ్మ, మద్రాసులో ఒక ఆసుపత్రిలో నర్సు. తంతి ఇంగిలీసులో ఉండాది, చదవను ఆయనకూ రాదు, నాకూ రాదు. సరే, పోదాం పా అని అయ్యవారింటికి పిల్చుకపోయినా. ఆయన బడికి బయల్దేరతా ఉన్నాడు, గడపలోనే నిలబడి చదివినాడు. 'రూత్ షాటర్డ్. వెంటనే రండి.' అంతే ఉండేది. 'ఆ మాటకు అర్థమేంది సామీ?' అన్నాడు జయరావు. పిలకాయలకు పాఠం చెప్పినట్టు టక్కున చెప్పేసినాడు పాపా, 'ముక్కలు ముక్కలైపోయింది' అని. చెప్పినాక అయ్యవారి మొగం సూడాల. జయరావు అరవలేదు, ఏడవలేదు. 'బస్సు కింద పడిందా సామీ? ఏ కాలు? ఏ చెయ్యి?' అని అడగతానే ఉన్నాడు. కాగితంలో ఇంకేముండాది చెప్పడానికి.

అయ్యవారు బడికి సెలవుచీటీ పంపించి, నేనూ వస్తానన్నాడు. జయరావు అంగడి తలుపు తీసి, తెల్లగుడ్డ నాలుగు గజాలు చించి, మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు. నేనూ డ్యూటీ మాని వాళ్లతో బయల్దేరినా. బస్సులో జయరావు నా పక్కనే కూచున్నాడు, ఆ సంచి ఒళ్లోనే. పుత్తూరు దాటింది. నగరిలో టైరు మార్చాలని దించేసినారు. అదేం టైరో, గంట పట్టింది. అప్పుడు అయ్యవారు సంచిలోనించి డిక్షనరీ తీసి, రోడ్డుపక్క నిలబడే తిరగేసి, 'జయరావూ, దీనికి రెండో అర్థం ఉండాది. మనసుకు గూడా వాడతారు. ఓర్చుకోలేని దుఃఖం వచ్చి మనిషి లోపల విరిగిపోతే ఈ మాటే అంటారు' అన్నాడు. 'వీళ్లు రాసింది ఏది సామీ, మొదటిదా, రెండోదా?' 'తెలియదప్పా' అన్నాడు ఆయన, తలెత్తకుండా.

మూడు గంటలకు నర్సుల హాస్టలు చేరినాం. రూతమ్మ మంచం మీద కూచోనుండాది. జయరావు ఉరికి, చేతులు పట్టి సూసినాడు, మోకాళ్లు తడిమినాడు, తల తిప్పి సూసినాడు. 'బాగుండాది, నా బిడ్డ బాగుండాది' అని నగతా ఉన్నాడు. రూతమ్మ మాత్రం నాయన్ని గోడను సూసినట్టు సూస్తా ఉండాది. ఆసుపత్రిలో ఒళ్లు కాలిన పిల్ల ఒకతి, ఏడేండ్లదంట, నలభై దినాలు రూతమ్మ చేతనే తినింది. ఈయమ్మ భోంచేయను పోయిన పదినిమిషాల్లో ప్రాణం ఇడిసేసింది. అప్పటినించి నాలుగు దినాలుగా మాటలేదు, మెతుకు లేదు. మాకు తంతి ఇచ్చిన మలయాళం నర్సుపిల్ల చెప్పింది ఇదంతా. జయరావుకు అది ఎక్కలేదు. 'మనసుదేగదా, రెండు ముద్దలు తింటే సర్దుకుంటాది. సాయంత్రం బస్సుకు మనం పోదాం' అంటాడు. అయ్యవారు అప్పుడు గట్టిగా అన్నాడు. 'లేదు జయరావూ. నేను పొద్దున చెప్పిన అర్థమూ తప్పు కాదు. బిడ్డ ముక్కలయ్యే ఉండాది. వదిలిపెట్టి పోవద్దు.' అనేసి ఆ మంచం పక్కన కింద చతికిలబడినాడు.

హాస్టల్లో తట్టలో అన్నం తెచ్చి పెట్టినారు. 'అమ్మా రూతమ్మా, పొద్దున్నించి నేనూ ఏమీ తినలేదు. నువ్వు తింటే తింటా, లేకుంటే ఇట్లే ఉంటా' అన్నాడు అయ్యవారు. ఆయనకు చక్కెర జబ్బు పాపా. అయిదున్నర అయ్యేకాడికి ఆయన చొక్కా చెమటకు తడిసిపోయింది, వేళ్లు అదురుతా ఉండాయి. నాకు భయం పట్టుకునింది, ఒకరికోసం వస్తే ఇద్దర్ని మోసుకపోవాల్నేమో అని. ఆ అదిరే వేళ్లను రూతమ్మ సూసింది. నర్సు గదా. 'సామికి షుగర్ తగ్గిపోతా ఉండాది' అనింది. అదే మొదటి మాట. లేచి, తనే ముద్ద కలిపి ఆయన చేతిలో పెట్టింది. ఆయన తిన్నాడు. ఆమె రెండో ముద్ద తన నోట్లో పెట్టుకుని, అప్పుడు ఏడ్చింది, హాస్టలంతా వినేట్టు ఏడ్చింది. జయరావు ఆ రోజు ఆడే ఉండిపోయి, వారానికి ఆ బిడ్డను ఇంటికి పిల్చుకొచ్చినాడు. నాలుగు నెలలు రూతమ్మ మనిషి మనిషిగా లేదు. తర్వాత మళ్లీ డ్యూటీకి పోయింది, పిల్లల వార్డుకే. కిరస్తానోళ్ల చేతి ముద్ద తిన్నాడని అయ్యవారింట్లో ఆయనకు అన్నం తినే పీట దూరంగా ఏసినారంట కొన్నాళ్లు. ఆయన పట్టించుకోలేదు.

నేనా? నేను ఆడ తిన్నానా అనా అడగతావు... వాళ్లు నాకూ తట్ట పెట్టినారు పాపా. ఆకలి లేదని చెప్పి, ఈది చివర ఓటల్లో పోయి తినొచ్చినా.

ఆ ఫ్యాను కొంచెం తగ్గించు.