గుండ్రటి కల్లంలో నాలుగు మూలలు

మోత్కూరు పెద్దలారా, తల్లులారా, మా బడి పిల్లలారా,

ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. బడి వార్షికోత్సవానికి కుర్చీలు వేసి, ఇంటింటికీ కబురు పంపి, చివర మిఠాయి పంచుతామని ఊరించినా ఇందులో సగం మంది వచ్చేవారు కాదు. ఈరోజు ఎవరూ పిలవకుండానే వచ్చారు. మన డ్రిల్లు టీచరు నిర్మలమ్మ పోయి తొమ్మిది రోజులైంది. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి. నాలుగు రోజుల జ్వరం. నేను చూడబోతే అరవైకి దగ్గరపడిన దాన్ని, ముగ్గురు మనవరాళ్ల అవ్వను, దగ్గుకుంటూ ఆమె గురించి మాట్లాడుతున్నాను. ఈ లెక్క ఎవరు వేశారో తెలియదు. నా తరగతిలో వేసి ఉంటే కొట్టేసి, మళ్లీ చేయమనేదాన్ని.

ఆమె గొప్పతనం చెప్పే ముందు నా తప్పు చెప్పాలి. మంది నోట వినడం కన్నా నా నోటనే వినడం మీకూ మంచిది.

పదేళ్ల కింద, పంతొమ్మిది వందల యాభై ఏడులో, ఆమె మా బడికి వచ్చింది. మర్రిగూడ దిక్కు ఇస్రాయేలు అనే కూలి మనిషి కూతురు. మిషన్ బడిలో చదివి, హైదరాబాదులో వ్యాయామ శిక్షణ ముగించుకుని వచ్చింది. ప్రధానోపాధ్యాయురాలిగా నేనేం చేశాను? మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే ఉండే గంట ఆమెకు రాసిచ్చాను. ఎండ మాడే గంట. డ్రిల్లంటే కుడి ఎడమ, కుడి ఎడమ, ఎవరు చెప్పిస్తే ఏముంది అనుకున్నాను. చదువుకున్న మూర్ఖత్వానికి మందు లేదు. అది నాకు పుష్కలంగా ఉండేది.

ఆమె తెచ్చింది కుడి ఎడమ కాదు. నేల మీద చేసే జిమ్నాస్టిక్స్. అదేమిటో తెలియని తల్లులకు చెబుతాను. నలభై అడుగుల చదరం గీస్తారు. అందులో ఒక్క ఆడపిల్ల. పక్కన ఒక్క వాద్యం. ఆ పిల్ల నిమిషమున్నరలో పల్టీలు కొట్టాలి, ఎగరాలి, వంగాలి, తిరగాలి. అన్నీ ఒకే దారంలో గుచ్చినట్టు ఉండాలి. ఎక్కడా ముడి కనబడకూడదు.

నేను పల్టీలు లెక్కపెట్టేదాన్ని. ఎన్ని ఎక్కువైతే అంత గొప్ప అనుకునేదాన్ని. ఒకరోజు ఆమె నాతో అన్న మాట ఇది: "పల్టీ కోతి గూడ కొడ్తది పంతులమ్మా. ఒక పల్టీకి ఇంకో పల్టీకి నడుమ పిల్ల ఏం జేస్తదో, గదే ఆట."

ఆ నడుమ భాగాన్ని ఆమె ఎక్కడ నుంచి తెచ్చిందో తెలుసా? పుస్తకంలో నుంచి కాదు. సెలవు దొరికితే చాలు, పోయి పత్తి చేల గట్ల మీద నిలబడేది. ఏరే ఆడవాళ్ల నడుములు చూసేది, మణికట్లు చూసేది. వాళ్లు ఈమెను సర్కారు మనిషి అనుకుని గబగబా ఏరడం మొదలుపెట్టేవారట. అట్లా కాదు, మామూలుగా ఏరండని బతిమాలుకునేది. చేట పట్టి చెరిగే చేతులను, బావిలో చేద లాగే భుజాలను చూసి వచ్చేది. చూసింది చూసినట్టు పెడితే అది అనుకరణ అవుతుంది. ఆమె అందులో నుంచి పనిముట్టును తీసేసేది. చేట ఉండదు, చేద ఉండదు. వాటి బరువు మాత్రం పిల్ల ఒంట్లో ఉండేది.

వాద్యానికి మన భజన బృందం బాలస్వామిని తెచ్చింది. అదిగో, హార్మోనియం బాలస్వామి అక్కడే కూర్చున్నాడు. అతనికి చరణం నచ్చితే రెండోసారి అందుకునే అలవాటు. భజనలో అది భక్తి. ఇక్కడ పిల్ల గాలిలో ఉంటుంది, రెండోసారి ఎట్లా ఎగురుతుంది? నిర్మలమ్మ ఆరు నెలలు ఓపిక పట్టి అతని భక్తిని గడియారానికి కట్టేసింది.

ఇప్పుడు అరవై ఒకటికి వద్దాం. రాష్ట్ర బాలికల పోటీలకు హైదరాబాదు పోయాం. మా తరఫున మన ఊరి రైతు జానయ్య కూతురు సత్తమ్మ, పద్నాలుగేళ్ల పిల్ల. బడి ఆవరణంతా రాళ్లు కాబట్టి, జానయ్య వడ్లు నూర్చే తన కల్లం ఇచ్చాడు. వడ్లు ఇంటికి చేరాక ఆ కల్లంలోనే ఏడాదంతా సాధన. పేడతో అలికి, అద్దంలా ఉండేది. అందరం మెచ్చుకున్నాం. అందరం చూశాం. కల్లం గుండ్రంగా ఉంటుందన్న సంగతి ఒక్కరికీ తోచలేదు.

పోటీ చదరంలో సత్తమ్మ ఎంత బాగా చేసిందో చెప్పలేను. గుండ్రంగా చేసింది. వడ్లు తొక్కడానికి బంతి కట్టిన ఎడ్లు తిరిగినట్టు చక్కగా గుండ్రంగా తిరిగింది. నాలుగు మూలల్లో ఒక్క మూలకైనా ఆ పిల్ల కాలు పోలేదు. మూలలు వాడనందుకు మార్కులు కోశారు. పన్నెండు మందిలో పదకొండో స్థానం. పన్నెండో పిల్లకు జ్వరమట, రాలేదు.

తిరుగు బస్సులో నేను నిర్మలమ్మకు చెప్పేశాను, జూన్ నుంచి డ్రిల్లు గంట తీసేసి కుట్టుపనికి ఇస్తున్నానని. ఆడపిల్లకు సూది అన్నం పెడుతుంది, పల్టీ ఏం పెడుతుందని కూడా అన్నాను. ఆ గంట పోతే ఆమె ఉద్యోగం పోయినట్టే. ఆమె ఏడవలేదు. నన్ను తిట్టలేదు, తిట్టవలసింది. ఒక్క మాట అడిగింది: "కల్లం గుండ్రంగున్నది పంతులమ్మా, పిల్ల మంచిగనే ఉన్నది. ఒక్క ఏడాది ఇయ్యుండ్రి."

ఇచ్చాను. దయతో కాదు. కుట్టు మిషన్లు ఇంకా రాలేదు కాబట్టి.

ఆమె పోయి జానయ్యను కల్లం చదరంగా చేయమని అడిగింది. ఊరు వారం రోజులు నవ్వింది. ఎడ్లకు మూల కాడ మలిగి తిరిగే చదువు కూడా ఈ టీచరమ్మనే చెప్తదా అన్నారు. జానయ్య తన కల్లాన్ని కదపనన్నాడు. సరే అని ఆమె ఆ గుండ్రం చుట్టూ సున్నంతో చదరం గీసింది. నాలుగు మూలలూ కల్లం బయట, కొయ్యకాళ్లలో, గులకరాళ్లలో పడ్డాయి. పిల్లలంతా కలిసి ఆ నాలుగు ముక్కలనూ చదును చేసి అలికారు. ఇంకెవరైనా ఆ కల్లాన్ని మరిచిపొమ్మని సత్తమ్మకు చెప్పేవారు. నిర్మలమ్మ ఆ గుండ్రాన్నే ఆటకు మొదలు చేసింది.

అరవై రెండులో ఏం జరిగిందో నా కళ్లతో చూశాను. సత్తమ్మ మొదట గుండ్రంగానే తిరిగింది. పోయిన ఏటి న్యాయనిర్ణేతలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండు చుట్లు. మూడో చుట్టు సగంలో ఆ పిల్ల తెగిన తాడులా మూలకు దూసుకుపోయింది. పల్టీ, పల్టీ, మూల గీత మీద మునివేళ్లతో ఆగింది. ఒక మూలలో చెరిగే చేతులు. ఒక మూలలో చేద లాగే నడుము. మూడో మూలకు గాలిలోనే పోయింది. నాలుగో మూలలో ఏం చేసింది? న్యాయనిర్ణేతలకు వీపు పెట్టి నిలబడింది. వీపు మాత్రమే కదిలింది. వంగుతూ, లేస్తూ, వంగుతూ. మార్కులు వేసేవారికి వీపు చూపిస్తారా అని ముందే పోట్లాడాను. అప్పుడు నిర్మలమ్మ ఇచ్చిన జవాబు ఆ క్షణంలో అర్థమైంది: "పత్తి ఏరంగ మా అమ్మ ఎనకనే తిరిగి పెరిగిన. మొఖం పొద్దుమూకినంకనే కనబడేది. పగటేళ ఈపే మా అమ్మ."

హాలంతా ఆ వీపును చూసింది. అప్పుడు సత్తమ్మ చివ్వున తిరిగి, మూల నుంచి మూలకు చదరాన్ని కోసుకుంటూ పోయి, ఆఖరి పల్టీ ముగించి చేతులు పైకెత్తింది. బాలస్వామి వేళ్లు సరిగ్గా అక్కడే ఆగాయి. రాష్ట్రంలో మొదటి స్థానం. ఎవరికి? జానయ్య కూతురికి. ఎవరి కూర్పుకు? ఇస్రాయేలు కూతురి కూర్పుకు. ఊళ్లో నవ్వినవాళ్లంతా మర్నాడు బస్సు దగ్గర డప్పులతో నిలబడ్డారు. అందరికన్నా ముందు జానయ్య. కుట్టు మిషన్లు ఆ తర్వాత వచ్చాయి. వాటి మీద మొదట కుట్టింది డ్రిల్లు దుస్తులే.

మీలో కొందరికి ఒక దిగులు ఉందని నాకు తెలుసు. నిర్మలమ్మతో ఆ డ్రిల్లు గంట కూడా పోతుందా అని. ఆమె పోయిన మూడో రోజే, ఆ ఉద్యోగాన్ని ఖాళీగా వదిలేసే ఆలోచన ఉందని నా చెవిన పడింది. ఒకప్పుడు నాకు వచ్చిన ఆలోచనే కాబట్టి, అది ఎంత తెలివితక్కువదో చెప్పే అర్హత నాకన్నా ఎవరికుంది? నల్లగొండ విద్యాశాఖ కార్యాలయానికి పోయాను. పెన్షన్ తీసుకునే ముసలిదానికి వేరే పనేముంటుంది? రెండు రోజులు ఆ కార్యాలయం బల్ల మీద కూర్చున్నాను. మూడో రోజు నన్ను వదిలించుకోవడానికైనా సంతకం పెట్టారు. ఈ ఏడాదే వ్యాయామ శిక్షణ ముగించిన సత్తమ్మ, సోమవారం నుంచి మన బడి డ్రిల్లు టీచరు. గంట కూడా మారింది. ఎండ గంట కాదు, పొద్దున మొదటి గంట.

ఉద్యోగం చేసిన ముప్పై ఏళ్లలో నేను గదిలోకి వస్తే అందరూ లేచేవారు. నేను ఇన్‌స్పెక్టర్లకు లేచాను. ఒకసారి తేలు కనబడితే లేచాను. నిర్మలమ్మ నా గదికి కొన్ని వందల సార్లు వచ్చి ఉంటుంది. ఆమె కోసం ఒక్కసారి కూడా లేవలేదు. ఈరోజు కూడా ఇంతసేపూ మోకాళ్ల నొప్పి పేరు చెప్పి కూర్చునే మాట్లాడాను.

సత్తమ్మా, ఇట్లా వచ్చి చెయ్యి అందించు.

ఇప్పుడు లేస్తున్నాను. మీరూ లేవండి. రెండు నిమిషాలు, అందరం మౌనంగా నిలబడదాం.